తీరిక, సెలవు, ఏకాంతం: సైబరాబాద్ కాలగతిలో తెలుగు సాహిత్య విమర్శకు ఒక పునరాలోచన

కీలక పదాలు: తీరిక, ఏకాంతం, పనివేళలు, స్త్రీవాద కథ, సైబరాబాద్

పని నుండి విడుదలను చెప్పడానికి తెలుగులో రెండు మాటలు బాగా వాడుకలో ఉన్నాయి. ఒకటి సెలవు, రెండోది తీరిక. సెలవు అంటే అనుమతి. పెద్దలు సెలవిస్తారు, మనం సెలవు తీసుకుంటాం. ఇచ్చేవారొకరు, పుచ్చుకొనేవారొకరు లేనిదే ఆ మాటకు అర్థం లేదు. తీరిక అలాంటిది కాదు. అది 'తీరు' ధాతువు నుండి పుట్టింది. ఆకలి తీరుతుంది, అప్పు తీరుతుంది, దాహం తీరుతుంది, పని తీరుతుంది. పని తీరగా మిగిలినది తీరిక. తీరుబడి, తీరుబాటు కూడా ఈ కోవలోవే. ఇంగ్లీషులోని 'లీజర్' అనే మాట అనుమతి అనే అర్థం గల లాటిన్ క్రియ నుండి వచ్చింది కనుక, మన సెలవుకు అది దగ్గరి చుట్టం. తీరికకు ఆ భాషలో సరైన జోడీ దొరకదు.

ఈ తేడా నిఘంటుకారులకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతాల జీవితాన్ని చిత్రించే సాహిత్యం గురించి మాట్లాడేటప్పుడు విమర్శకులు సాధారణంగా 'సాంకేతికత - ఏకాంతం' అనే జంటను ముందుంచి, రెండింటి మధ్య సమతౌల్యం సాధించాలనే నిర్ణయానికి వస్తున్నారు. త్రాసు ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న అక్కడ రావడం లేదు. సైబరాబాద్ తన ఉద్యోగికి సెలవులు ఇస్తుంది, తీరికను మాత్రం మిగల్చదు అనేది ఈ వ్యాసం ప్రతిపాదన. తీరిక లేని చోట ఏకాంతం గురించి మాట్లాడటానికి భావకవిత్వం నుండి మనకు సంక్రమించిన పరిభాష చాలదు. అందుకు కావలసిన పరిభాషను తెలుగులో మరొకరు ఎప్పుడో తయారుచేసి ఉంచారు. వారిని మనం ఆ కోణంలో చదవలేదు.

యంత్రం, ఊరు: ఒక మూస

మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించారు. అప్పటికి ఆరేళ్ళ ముందే, 1992లో, కొద్ది దూరంలో శిల్పారామం వెలసింది. ఒక వైపు గాజు గోడల భవనం, మరో వైపు మట్టి గోడల నమూనా పల్లె. ఒక ప్రాంతం తన భవిష్యత్తును, గతాన్ని ఎదురెదురుగా ప్రదర్శనకు పెట్టుకున్నట్టుగా ఉంటుంది ఆ దృశ్యం. తర్వాత వచ్చిన కథల్లో, కవితల్లో చాలా భాగం ఈ రెండింటి మధ్యనే తిరిగాయి. కథానాయకుడు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. ఫోను మోగుతూనే ఉంటుంది. భార్యాభర్తలు ఒకే మంచం మీద రెండు తెరలు చూసుకుంటూ ఉంటారు. ఒక శుక్రవారం రాత్రి అతడు బస్సెక్కి సొంతూరు వెళ్తాడు. చెరువు గట్టు, నాయనమ్మ, వేపచెట్టు. సోమవారం తిరిగి వచ్చేసరికి అతనిలో ఏదో మార్పు వచ్చి ఉంటుంది. ఈ మూసలో వచ్చిన కథలన్నీ పేలవమైనవని అనలేం. వాటిని ప్రశంసించే విమర్శ మాత్రం ఒకే వాక్యాన్ని రకరకాలుగా తిరగరాస్తోంది.

ఈ మూసకు అనుగుణంగా గోరటి వెంకన్న 'పల్లె కన్నీరు పెడుతుందో' పాటను కూడా కొందరు తప్పుగా వాడుకుంటున్నారు. 'కుబుసం' (2002) చిత్రం ద్వారా ఊరూరికీ చేరిన ఆ పాట పల్లె ప్రశాంతతను పొగిడే పాట కాదు. కుల వృత్తులు, చేతి పనులు కూలిపోయిన క్రమాన్ని లెక్క చెప్పే పాట. అందులోని దుఃఖం పని పోయినవారిది. దాన్ని పని ఎక్కువై అలసిన నగరవాసి ఊరి బెంగగా చదివితే ఇద్దరికీ అన్యాయం జరుగుతుంది.

సాంకేతికతను ఆలోచనకు శత్రువుగా నిలబెట్టడానికి మన సాహిత్య చరిత్రే అడ్డువస్తుంది. సైబర్ టవర్స్ ప్రారంభమైన 1998లోనే అమెరికాలోని తెలుగువారు 'ఈమాట' జాల పత్రికను ప్రారంభించారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. లేఖిని వంటి ఉపకరణాలు వచ్చాక, తెలుగు టైపు రాని వేలమంది తెలుగులో రాయడం నేర్చుకున్నారు. వీరిలో చాలామంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగులే. పగలు కంపెనీ కోసం కోడ్ రాసిన చేతులు రాత్రి ఛందస్సు మీద చర్చలు రాశాయి, పాత పుస్తకాలను స్కాన్ చేశాయి, వికీలో ఊళ్ళ పేర్లు చేర్చాయి. అది ఏకాంతంలో సాగిన పని, తెర మీద సాగిన పని. కాబట్టి తెర ఉన్న చోట ఏకాంతం ఉండదనే సూత్రం నిలబడదు. ఈ పత్రికను చదువుతున్నవారు దాన్ని తెర మీదనే చదువుతున్నారు.

ఏకాంతం ఒక చోటుగా

ఆధునిక తెలుగు సాహిత్యంలో ఏకాంతం చాలాకాలం పాటు ఒక చోటుగానే ఉంది. అక్కడికి వెళ్ళాలి. కృష్ణశాస్త్రి 'కృష్ణపక్షం' (1925) నాటికి అది లోకానికి అవతల ఉన్న ఒక వనం. చలం విషయంలో అది భౌగోళికంగానే నిజమయింది: 1950లో ఆయన అరుణాచలం చేరి, 1979లో మరణించేదాకా అక్కడే ఉన్నారు. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' నవలకు మొదట అనుకున్న పేరే 'ఏకాంతం'. ఆ నవలలో దయానిధి కోస్తాను విడిచి రాయలసీమలోని వజ్రకరూరు దాకా వెళ్తాడు. తల్లి గురించిన అపవాదు అతనికన్నా ముందు నడుస్తూ ఉంటుంది. ఊరి నోళ్ళు దయానిధిని ఎంత దూరం వెంబడించాయో చూస్తే, పరికరాలు లేని కాలంలో మనిషి తనలో తాను ఉండగలిగేవాడన్న నమ్మకం సడలిపోతుంది. చోటు మారినంత మాత్రాన ఏకాంతం దొరకదని బుచ్చిబాబుకు తెలుసు. 'ఏకాంతం' అన్న పేరును వదులుకోవడంలోనే ఒక విమర్శ ఉందని నా అభిప్రాయం.

ఏకాంతాన్ని చోటుగా భావించినప్పుడు ఆ చోటు ఎవరిదన్న ప్రశ్న మరుగున పడుతుంది. నెమ్మది జీవనానికి ప్రపంచమంతా ఉదాహరణగా చెప్పే థోరో 'వాల్డెన్' (1854) విషయమే చూడవచ్చు. ఆయన కుటీరం కట్టుకున్న నేల మిత్రుడు ఎమర్సన్‌ది. ఆ కొలను పక్కనుంచే రైలు పోయేది. థోరోను తక్కువ చేయడానికి ఈ మాట చెప్పడం లేదు. ఏకాంతం వెనుక ఒక నేల, ఆ నేలకు ఒక యజమాని ఉంటారని గుర్తుచేసుకోవడానికే. ఈ విషయానికి చివరలో మళ్ళీ రావలసి ఉంది.

చోటు నుండి చూపుకు ఏకాంతాన్ని తరలించిన కవి ఇస్మాయిల్ (1928 - 2003). కాకినాడ పి.ఆర్. కళాశాలలో తత్త్వశాస్త్రం బోధించిన ఈ కవికి అడవులతో, ఆశ్రమాలతో పని పడలేదు. చెట్టును ఆదర్శంగా ప్రకటించుకున్నప్పుడు కూడా ఆయన మనసులో ఉన్నది ఊరి మధ్య కనిపించే చెట్టే. 'బాల్చీలో చంద్రోదయం' అన్న సంపుటి పేరును కాసేపు పట్టి చూడండి. చంద్రుడు కొండల మీద గాని, సముద్రం మీద గాని ఉదయించడం లేదు. ఇంటి పెరట్లో నీళ్ళు పట్టి ఉంచిన బాల్చీలో ఉదయిస్తున్నాడు. అయితే అందులో చంద్రుడు కనిపించాలంటే బాల్చీ నిండాలి, పంపు కట్టేయాలి, నీరు నిలకడపడాలి, చూసే మనిషి బాల్చీని ఎత్తుకొనిపోకుండా ఒక క్షణం ఆగాలి. అంటే ఆ పని అప్పటికి తీరి ఉండాలి. ఇస్మాయిల్ కవిత్వంలోని నిశ్శబ్దం గురించి మన విమర్శ చాలానే చెప్పింది. ఆ నిశ్శబ్దానికి ముందు జరిగి ముగిసిన పని గురించి అంతగా చెప్పలేదు.

సంజీవదేవ్ లేఖల్లోనూ ఇదే లక్షణం మరో రూపంలో కనిపిస్తుంది. తెనాలి దగ్గరి తుమ్మపూడిలో ఉంటూ ఆయన దేశ విదేశాల్లోని కళాకారులతో, రచయితలతో ఉత్తరాలు నడిపారు. ఉత్తరం కూడా ఒక సాంకేతిక ఏర్పాటే. తపాలా వ్యవస్థ, రైలు, అచ్చు వేసిన బిళ్ళలు లేనిదే అది నడవదు. అయితే డబ్బాలో వేయడంతో ఉత్తరం రాసే పని తీరిపోతుంది. జవాబు వచ్చేదాకా మధ్యలో ఉన్న రోజులు రాసినవాడివే. వాట్సాప్‌లో రెండు నీలి గీతలు పడిన క్షణం నుండి ఎదుటివారి మౌనానికి సంజాయిషీ అవసరమవుతోంది. రెండూ సందేశాలే, రెండూ సాంకేతికతలే. ఒకదానిలో పని తీరుతుంది, మరొకదానిలో తీరదు.

తీరని పని: వంటింటి నుండి వచ్చిన సాక్ష్యం

తీరని పని అనుభవాన్ని తెలుగు సాహిత్యం ఎక్కడ నమోదు చేసిందని వెతికితే కృష్ణశాస్త్రి, ఇస్మాయిల్‌ల దగ్గర ఆగిపోలేం. స్త్రీల కథల దగ్గరకు వెళ్ళాలి. సాఫ్ట్‌వేర్ రంగం రాకముందే, రోజంతా పిలుపుకు అందుబాటులో ఉండవలసిన ఉద్యోగాన్ని చేసినది గృహిణి. ఆమె పనికి మొదలు ఉంటుంది, ముగింపు ఉండదు. కడిగిన గిన్నె మళ్ళీ ఎంగిలవుతుంది.

అబ్బూరి ఛాయాదేవి (1933 - 2019) కథ 'సుఖాంతం' ఈ దృష్టితో తిరిగి చదవదగినది. ఆ కథలోని స్త్రీ కోరిక చాలా చిన్నది. హాయిగా నిద్రపోవాలి. చిన్నతనం నుండి ప్రతి దశలోనూ ఎవరో ఒకరు, ఏదో ఒక పని మీద ఆమెను లేపుతూనే ఉంటారు. లేపేవారెవరూ దుర్మార్గులు కారు. ప్రతివారి పిలుపూ సహజమైనదే, ప్రతివారి అవసరమూ చిన్నదే. చివరికి ఆమె నిద్రమాత్రలను ఆశ్రయిస్తుంది, నిద్ర శాశ్వతమవుతుంది. శీర్షికలోని వ్యంగ్యం గురించి, పితృస్వామ్యం గురించి ఈ కథ మీద వచ్చిన విమర్శ సరైనదే. ఆ విమర్శ తాకకుండా వదిలేసినది కథలోని కాల నిర్మాణాన్ని. ఆ కథలో పెద్ద అణచివేత దృశ్యం ఒకటైనా లేదు. ఉన్నదంతా అంతరాయమే. ఒక జీవితకాలాన్ని చిన్న చిన్న అంతరాయాల వరుసగా చెప్పిన తొలి తెలుగు కథల్లో ఒకటిగా దాన్ని చూడాలి. ఫోనులో గంటకు ఇన్ని నోటిఫికేషన్లు వస్తున్నాయని నేడు మనం వర్ణించే జీవితానికి కథన రూపం ఛాయాదేవి చేతిలో అప్పుడే సిద్ధమయింది. అక్కడ పరికరం లేదు, పిలుపు ఉంది. పరికరాన్ని తీసివేసినా సమస్య మిగులుతుందన్న దానికి ఇంతకన్న మంచి సాహిత్య నిరూపణ నాకు తెలిసి లేదు.

పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథ మరో మెట్టు. ఇల్లలుకుతూ తన పేరు తాను మరచిపోయిన ఈగ కథ తెలుగు పిల్లలందరికీ తెలుసు. ఆ ఈగను సత్యవతి గృహిణిగా మార్చారు. ఇల్లు తుడుచుకోవడంలో మునిగిపోయిన ఆమె ఒకనాడు తన పేరు ఏమిటో గుర్తురాక వెతుక్కుంటూ బయలుదేరుతుంది. చివరికి చిన్ననాటి స్నేహితురాలు గుర్తుచేస్తుంది. ఏకాంతం కోల్పోతే ప్రశాంతత పోతుందని భావకవి అంటాడు. పేరే పోతుందని సత్యవతి అంటారు. ఇక్కడ పందెం పెద్దది. తన్ను గురించి తాను ఆలోచించుకొనే వ్యవధి లేని మనిషి క్రమంగా తానెవరో చెప్పలేని స్థితికి చేరుతుంది. ఉద్యోగి ఎవరంటే ఒక గుర్తింపు సంఖ్య, ఒక ప్రాజెక్టు పేరు, ఒక బిల్లింగ్ కోడ్ చెప్పే చోట ఈ కథను పాఠంగా చెప్పి చూడండి. తరగతిలో వచ్చే నిశ్శబ్దం వేరుగా ఉంటుంది.

2020 మార్చిలో లాక్‌డౌన్‌తో కార్యాలయం ఇంట్లోకి వచ్చినప్పుడు ఈ రెండు తీరని పనులు ఒకే మనిషి మీద, ముఖ్యంగా ఒకే స్త్రీ మీద, ఒకేసారి పడ్డాయి. ల్యాప్‌టాప్ వంటింటి గట్టు మీదకు చేరింది. ఆ రెండేళ్ళ అనుభవం మీద కవితలు చాలా వచ్చాయి. వాటిని కరోనా సాహిత్యం అనే గంప కింద కమ్మేసి పక్కన పెట్టడం వల్ల, అవి స్త్రీవాద కథకు కొనసాగింపుగా ఉన్న సంగతి గుర్తింపునకు రాలేదు.

ఛాయాదేవి జీవితంలోని మలిదశకు సైబరాబాద్‌తో నేరుగా సంబంధం ఉంది. ఆమె తన చివరి సంవత్సరాలను కొండాపూర్‌లో, సి.ఆర్. ఫౌండేషన్ వృద్ధాశ్రమంలో గడిపారు. ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉద్యోగం చేసి, జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనలను శ్రద్ధగా చదివి, 'తన మార్గం' సంపుటికి 2005 సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న రచయిత్రి, తనకంటూ ఒక గదిని ఎంచుకున్నది ఐటీ కారిడార్ నడిబొడ్డున. ఆమె అక్కడికి చేరేనాటికి చుట్టూ బహుళ అంతస్తులు లేచాయి. అయినా ఆమె విషయంలో ఏకాంతం ఊరికి పారిపోవడం కాలేదు. ఎవరి పిలుపుకూ జవాబు చెప్పనక్కరలేని స్థితి ఆమెకు ఏకాంతం. వర్జీనియా వుల్ఫ్ 1929లో రచయిత్రికి సొంత గది, సొంత డబ్బు కావాలన్నారు. 'సుఖాంతం' ఆ పట్టికకు మూడోదాన్ని చేరుస్తుంది: ఆ గదిలో ఉండగా ఎవరూ లేపకూడదు.

గడియారం ఎవరిది

ఇప్పుడు కారిడార్ గడియారాన్ని చూద్దాం. హైదరాబాద్ కాలం అమెరికా తూర్పు తీరం కన్నా వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, శీతకాలంలో పదిన్నర గంటలు ముందుంటుంది. న్యూయార్క్‌లో జూన్ నెల ఉదయం తొమ్మిదికి మొదలయ్యే సమావేశం ఇక్కడ సాయంత్రం ఆరున్నరకు పడుతుంది. కాలిఫోర్నియాలో జనవరి ఉదయం తొమ్మిది ఇక్కడ రాత్రి పదిన్నర. నవంబరులో అక్కడివారు గడియారాన్ని గంట వెనక్కి తిప్పుకుంటే మాదాపూర్‌లో భోజనాల వేళ మారుతుంది. వ్యక్తిగత క్రమశిక్షణతో, తెల్లవారుజామున ధ్యానంతో, పడకగది బయట ఫోను వదలడంతో ఈ గంటలు వెనక్కి రావు.

చట్టం ఏం చెబుతోందో తెలుసుకోవడం కూడా సాహిత్య విమర్శకునికి అవసరమే. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం పనివేళలకు, వారపు సెలవుకు హద్దులు గీసింది. ఐటీ సంస్థలకు ఆ చట్టంలోని పనివేళల నిబంధనల నుండి ప్రభుత్వాలు మినహాయింపులు ఇస్తూ, పొడిగిస్తూ వచ్చాయి. 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల పనికి అనుమతినిచ్చింది, వారానికి 48 గంటల పరిమితిని ఉంచింది. ఫ్రాన్స్‌లో 2017 జనవరి నుండి పనివేళల తర్వాత సంబంధాన్ని తెంచుకొనే హక్కు చట్టంలో ఉంది. మన పార్లమెంటులో సుప్రియా సూలే ప్రవేశపెట్టిన అటువంటి ప్రైవేటు బిల్లు చట్టం కాలేదు. సమతౌల్యం అనే మాటను వాడే ముందు ఈ లెక్కలను పక్కన పెట్టుకోవాలి. వారాంతంలో అనంతగిరి కొండల్లోని రిసార్ట్‌లో ఫోను లేకుండా రెండు రోజులు గడపడం కూడా కారిడార్ అమ్మే సరుకుల్లో ఒకటయింది. అది సెలవు. సోమవారం వరుసలో ఉన్న టికెట్ల సంఖ్య దానివల్ల తగ్గదు.

భాష ఈ మార్పును అందరికన్నా ముందే పట్టుకుంది. కారిడార్‌లో 'నాకు తీరిక లేదు' అనేవారు తగ్గారు. 'నాకు బ్యాండ్‌విడ్త్ లేదు' అంటున్నారు. తీరిక లేదనడంలో పని ఎప్పటికైనా తీరుతుందనే ఆశ ఉంది. బ్యాండ్‌విడ్త్ తీగకు సంబంధించిన మాట. ఒకేసారి ఎంత మోయగలదన్నదే దాని కొలత. అందులో ముగింపుకు చోటు లేదు. మాట్లాడే మనిషి తన్ను తాను తీగతో పోల్చుకుంటున్న సంగతి అతని ధ్యాసలో ఉండదు. మన భాషాశాస్త్ర విభాగాలు వృత్తి పదకోశాల మీద చేయిస్తున్న పరిశోధనల్లో కుమ్మరి, కమ్మరి, చేనేత పదాలకు దక్కిన శ్రద్ధ ఈ కొత్త వృత్తి మాటలకు కూడా దక్కవలసి ఉంది.

ఇదే వీధిలో మరో మనిషి ఉన్నాడు. హోటల్ ముందు బండి ఆపి, ఆర్డర్ కోసం ఫోను వంక చూస్తూ నిలబడే డెలివరీ కుర్రవాడు. అతనికి ఖాళీ ఉంది. ఆ ఖాళీలో అతడు ఒంటరిగానే ఉన్నాడు. దాన్ని తీరిక అనలేం, ఏకాంతం అని అసలే అనలేం. తర్వాతి మోతకు చెవి ఒగ్గి ఉన్న ఖాళీ అది, పైగా ఆ నిమిషాలకు కూలి రాదు. సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఏకాంతం కోసం పడే వేదనను చిత్రించే కథలో ఇతడు తలుపు దగ్గర ఒక సంచి అందించి వెళ్ళిపోతాడు. కథకుడు అతని వెంట మెట్లు దిగడు. ఇది కారిడార్ కథలోని పెద్ద లోపమని నా నిర్ణయం.

ఒక ఆక్షేపణ

పని ముగిసిన తర్వాత కూడా మనిషి ఫోను వదలడం లేదు కదా, దానికి యజమాని ఎలా బాధ్యుడు అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. రాత్రి పదకొండు దాటాక రీళ్ళు చూడమని ఏ మేనేజరూ చెప్పడు. ఇక్కడ పరికరం నిర్మాణాన్నే పరిశీలించాలి. పుస్తకానికి చివరి పుట ఉంటుంది, పత్రికకు చివరి పేజీ, రేడియో కార్యక్రమానికి సమాప్తి. 2006లో అజా రాస్కిన్ రూపొందించిన అనంత స్క్రోల్ ఆ చివరను తీసివేసింది. తర్వాత ఆయనే దాని పర్యవసానాల పట్ల బహిరంగంగా విచారం ప్రకటించారు. అడుగు లేని పుటను చదివే పని తీరదు. కాబట్టి కార్యాలయానికి, వినోదానికి ఒకే లక్షణం వచ్చింది. పగలంతా తీరని పనిచేసిన మనిషి రాత్రి తీరని విశ్రాంతి తీసుకుంటున్నాడు. నిగ్రహం అక్కరలేదని ఎవరూ అనరు. నిగ్రహాన్ని ఓడించడానికే కట్టిన యంత్రం ముందు దాన్ని ఒక్కదాన్నే నిలబెట్టి, ఓడిపోయినప్పుడు నీతి చెప్పడం సాహిత్య విమర్శ చేయదగిన పని కాదు.

ఈమాట వంటి జాల పత్రికలు సంచిక అనే రూపాన్ని వదులుకోకపోవడానికి ఇక్కడ ప్రాధాన్యం ఉంది. తెర మీద ఉన్నా సంచికకు అట్ట నుండి అట్ట దాకా ఒక పరిధి ఉంటుంది. చదివి ముగించవచ్చు. ఫేస్‌బుక్ గోడ మీద వచ్చిన కవితను ముగించాక కింద మరొకటి సిద్ధంగా ఉంటుంది, మొదటిది మనసులో దిగకముందే. ఒకే కవిత ఈ రెండు చోట్లా వేరువేరుగా చదవబడుతోంది. తెలుగులో పఠన సిద్ధాంతం మీద పనిచేస్తున్న పరిశోధకులకు ఇది మంచి అంశం. మనమూ దీనికి బయట లేము. కళాశాలల వాట్సాప్ బృందాలు రాత్రి ఏ వేళకు మేల్కొంటాయో, ఏ పట్టికను తెల్లవారేసరికి నింపి పంపమంటాయో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కరలేదు. సిద్ధాంత గ్రంథాల్లో మూలగ్రంథం చదవకుండా చేసిన ఉటంకింపులు పెరగడానికి సోమరితనం ఒక్కటే కారణమని నేను అనుకోను.

కంచ

ఏకాంతాన్ని చోటు నుండి కాలానికి తరలించాలని ఇంతదాకా వాదించాను. చోటును పూర్తిగా వదిలివేయడం కూడా సాధ్యం కాదని 2025లో ఇదే కారిడార్ చూపింది. దుర్గం చెరువు ఒకప్పుడు గోల్కొండకు నీరిచ్చిన చెరువు. కొండరాళ్ళ మధ్య దాగి ఉండటం వల్ల రహస్య చెరువు అని పేరు. 2020 సెప్టెంబరులో దాని మీదుగా తీగల వంతెన ప్రారంభమయింది. ఇప్పుడది నగరంలో ఎక్కువమంది ఫొటో తీసే చోట్లలో ఒకటి. 250 కోట్ల ఏళ్ళ నాటివని చెప్పే ఇక్కడి గ్రానైట్ బండల్లో ఎన్నో పేలుడు మందుకు ముక్కలయ్యాయి. మిగిలినవాటిని కాపాడటానికి 1996లో ఏర్పడిన సంస్థ ఒకటి ఇప్పటికీ పనిచేస్తోంది.

హైదరాబాద్ విశ్వవిద్యాలయం 1974లో ఏర్పడింది. దాన్ని ఆనుకొని ఉన్న కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాలను ఐటీ అభివృద్ధికి కేటాయించే ఉద్దేశంతో 2025 మార్చి చివరలో ప్రభుత్వ యంత్రాలు చెట్లు తొలగించడం మొదలుపెట్టాయి. విద్యార్థులు అడ్డుపడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు జోక్యం చేసుకొని నరికివేతను ఆపింది, తర్వాతి విచారణల్లో పోయిన పచ్చదనాన్ని ఎలా పునరుద్ధరిస్తారో చెప్పమని అడిగింది. వివాదమంతా భూమి ఎవరిది, అది అటవీ భూమా కాదా, అక్కడ నెమళ్ళు, జింకలు ఎన్ని అన్న ప్రశ్నల చుట్టూ నడిచింది. న్యాయస్థానంలో అలాగే నడవాలి. బండ మీద కూర్చొని చదువుకొనే విద్యార్థికి, సాయంత్రం ఒంటరిగా నడిచే పరిశోధకురాలికి ఆ నేలతో ఉన్న సంబంధాన్ని చెప్పడానికి ఏ పత్రంలోనూ గడి లేదు. ఆ సంబంధాన్ని చెప్పగల మాటలు సాహిత్యం దగ్గర ఉండాలి. ఆ వారాల్లో సామాజిక మాధ్యమాల్లో వచ్చిన కవితలు ఎక్కువగా నెమలి కేక దగ్గరే ఆగిపోయాయి.

'కంచ' అనే మాట తెలంగాణ పల్లెల్లో పశువులు మేసే మెట్ట నేలకు, దున్నని నేలకు వాడుక. అది పనికిరాని నేల కాదు. రైతు దాన్ని మేతకు, కట్టెలకు వదిలి ఉంచుతాడు, నాగలి మాత్రం పెట్టడు. నేలకు కూడా తీరిక ఉంటుందని ఒప్పుకున్న వ్యవసాయ సమాజం చేసుకున్న ఏర్పాటు అది. రెవెన్యూ దస్త్రాల్లో గ్రామనామానికి ముందు ఆ మాట ఇంకా మిగిలి ఉంది.